చెల్లికి తెచ్చిన బిళ్ళలు

ఈ సంగతి ఇంతకు ముందే రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. మా అమ్మ వరి ఊడ్పులకి వెళ్తే చెల్లిని నేను ఎత్తుకునేదాన్ని. దానికి ఐదేళ్ళు నిండాక మిషను బడిలో వేశారు. ఇంటికీ బడికీ మధ్య పిల్లకాలవ ఒకటి ఉండేది. వానాకాలంలో చెల్లిని వీపున వేసుకుని కాలవ దాటించి, బడి మెట్ల మీద దించి, నేను అటునుంచి అటే చేలోకి పోయేదాన్ని. అలా చెల్లి ఐదో తరగతి దాకా చదివింది. నా చదువు ఆ మెట్ల దగ్గరే ఆగింది. యాభై ఏడో ఏట, చర్చి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి తరగతి పెడితే, పలక తీసుకెళ్ళి కూర్చున్నాను. ఊడ్పులు ఊడ్చి ఊడ్చి వంకర తిరిగిన వేళ్ళు బలపం మీద కుదురుకోవడానికే రెండు నెలలు పట్టింది.

అక్షరాలు వచ్చాక కూడా చాలా ఏళ్ళు రాయలేదు. ఉత్తరాలు రాశాను, చర్చిలో పాడే పాటలు ఎత్తి రాసుకున్నాను. దీని జోలికి పోలేదు. నా చేత్తో నేనిచ్చిన బిళ్ళలు చెల్లి ఒంట్లోకి వెళ్ళి ఏం చేశాయో సరిగా తెలియకుండా రాస్తే అది ఏడుపు అవుతుంది గానీ రాత కాదు. తెలిసేటప్పటికి ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేదు కాబట్టి రాయగలుగుతున్నాను.

దివిసీమ ఉప్పెనకి ముందు సంవత్సరం అది. చెల్లికి ముప్పై రెండేళ్ళు. నేను గన్నవరం అవతల మా ఊళ్ళోనే ఉండేదాన్ని. నా భర్త పోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు, ఊడ్పుల ముఠాలో పని. చెల్లి కాపురం భవానీపురంలో. ఒక పెంకుటింటి వెనక వాటాలో మొగుడూ పెళ్ళామూ, అత్తగారూ, నాలుగేళ్ళ ఆడపిల్లా ఉండేవారు. మా మరిది, అంటే చెల్లి మొగుడు, కొండపల్లి పక్కన థర్మల్ స్టేషను కడుతుంటే అక్కడ పనికి వెళ్ళేవాడు. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టాక దిగేవాడు.

ఎడమ రొమ్ములో గడ్డ ఉందని చెల్లి నాకు చెప్పేటప్పటికి అది నిమ్మకాయంత అయింది. ఏడాదిగా ఉందట. రేగ్గింజంత ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదే అని అడిగితే, "రేగ్గింజ గురించి ఎవరు చెబుతారక్కా" అంది.

బెజవాడలో ఒక ఆసుపత్రిలో ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. చేసింది ఒక డాక్టరమ్మ. నలభై దాటని మనిషి. ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టు ఉండేది, కానీ అడిగినదానికి జవాబు చెప్పకుండా ముందుకి కదిలేది కాదు. ముఠాకి చెప్పి నేను భవానీపురం వచ్చేశాను. చెల్లికి ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. దాని జడ నేనే వేసేదాన్ని. పిల్లకి అన్నం పెట్టడం, మునిసిపాలిటీ కుళాయి దగ్గర నీళ్ళు పట్టడం, కట్టు మార్పించడానికి దాన్ని బస్సులో తీసుకెళ్ళడం. ఊడ్పుల్లో నడుము నొప్పి సాయంత్రానికి తెలుస్తుంది. ఇక్కడ అలుపు పొద్దున లేచేటప్పుడే ఉండేది.

మూడు నెలలకి కోత మచ్చ పక్కన ఆవగింజల్లాంటి పొక్కులు లేచాయి. డాక్టరమ్మ వాటిని వేలితో ఒత్తి చూసింది. చెల్లిని నర్సుకి అప్పజెప్పి నన్ను వరండాలోకి పిలిచింది.

"ఈమె భర్త ఏడమ్మా?"

"పనికెళ్ళాడండి. నన్నే చూసుకోమన్నాడు. ఆసుపత్రి వాసన తనకి పడదండి."

"ఎవరికి పడుతుంది. సరే, నువ్వే విను. ఇంకో ఆపరేషను చెయ్యాలి. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలుంటాయి. అవి తీసేయాలి."

"రొమ్ములో జబ్బుకి కడుపు కోయడం ఏంటండి?"

ఆవిడ విసుక్కోలేదు. "ఆడపిల్ల ఈడేరేటప్పుడు రొమ్ములు ఎందుకు పెరుగుతాయి? అండాశయాలు రక్తంలోకి ఒక రసం వదులుతాయి. అది పెరగమని చెప్పే మాట అనుకో. మీ చెల్లెలి జబ్బు కూడా ఆ మాట విని పెరుగుతోందని నా అనుమానం. నెలసరికి ముందు ఈ పొక్కులు ఉబ్బుతున్నాయని తనే చెప్పింది. మాట పంపేవాటిని తీసేస్తే జబ్బు ఆగొచ్చు. తప్పకుండా ఆగుతుందని మాత్రం చెప్పలేను."

"ఇంక పిల్లలు?"

"పుట్టరు. నెలసరి కూడా ఆగిపోతుంది. ఈ మాట ఆమెకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

నేను చెబుతానన్నాను. ఆవిడ నమ్మి లోపలికి వెళ్ళింది. గుమాస్తా కాగితం తెచ్చి తెలుగులో చదివి వినిపించాడు. సంతకమా, వేలిముద్రా అని అడిగాడు. ఎడమ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాను. సంతకం చేయడం వచ్చిన మనిషి గోడకి అవతల మంచం మీద ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. చిన్నప్పటి నుంచీ దాన్ని కాలవలు దాటించింది నేనే. ఇదీ ఒక కాలవ అనుకున్నాను.

చెల్లికి ఒక్క మగపిల్లాడైనా కావాలని ఉండేది. దాని అత్తగారికి ఇంకా ఎక్కువ ఉండేది. ఈ మాట చెబితే ఆపరేషనుకి ఒప్పుకోదని నా భయం. లోపల పుండుందట, శుభ్రం చేస్తారట అని చెప్పాను. "చేయించుకుందాంలే" అని అటు తిరిగి పడుకుంది.

ఆపరేషను అయిన ఆరు వారాలకి పొక్కులు వాడిపోయాయి. కొన్నయితే ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు చూశాను. "మాట ఆగింది" అంది నాతో. చెల్లికి ఆ మాట అర్థం కాలేదు. నేను అర్థం చెప్పలేదు.

అత్తగారి గొడవ అక్కడి నుంచే మొదలైంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నోరు కొంచెం పెద్దది. ఇంట్లో ఎవరికి ఎప్పుడు నెలసరో ఆమెకి లెక్క తెలుసు. రెండు నెలలు తప్పేసరికి నన్ను పొయ్యి దగ్గర పట్టుకుంది.

"ఏవమ్మాయ్, నీ చెల్లెలి సంగతి చూస్తున్నావా? కడుపా, లేకపోతే ముప్పై రెండేళ్ళకే ముసల్దైపోయిందా?"

"ఆపరేషను అయింది కదత్తా. ఒళ్ళు కుదుటపడాలి."

"కుదుటపడ్డం కాదు. ఆ చెడు నెత్తురంతా లోపలే నిలిచిపోతే ఇంకో జబ్బొస్తుంది. మునిసిపాలిటీ వాళ్ళు కూడా కాలవలో పూడిక అప్పుడప్పుడు తీయిస్తారు. దీనికి ఆ భాగ్యం కూడా లేదు."

నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు పెట్టింది. బొప్పాయికాయ కూర వండింది. చెల్లి అన్నీ తినేది. అప్పుడప్పుడు దానికి ఒంట్లోంచి ఆవిరి లేచినట్టు ఉండేది. ముఖం ఎర్రబడి చెమటతో జాకెట్టు తడిసిపోయేది. ఒకరోజు జడ వేస్తుంటే నెమ్మదిగా అంది, "కడుపేమోనక్కా. ప్రార్థనలో అడిగాను కూడా." దువ్వెన అక్కడే ఆగిపోయింది. అప్పుడైనా చెప్పాల్సింది. జడ బిగించి రిబ్బను ముడేసి లేచాను.

మూడో నెలకి కడుపు కాదని దానికే తెలిసిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. "పైన ఒకటి పోయింది. కింద ఇదీ ఆగిపోయింది. ఇంక నేనేం ఆడదాన్నక్కా" అంది. మరిది గుమ్మంలో నిలబడి విని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నెలసరి తప్పితే మందుల షాపులో బిళ్ళలిస్తారనీ, రెండు వేసుకుంటే వారంలో వచ్చేస్తుందనీ మా పేటలో ప్రతి ఆడదానికీ తెలుసు. కడుపో కాదో తేల్చుకోవడానికి కూడా అవే మింగేవాళ్ళు. డాక్టరు చీటీ అక్కర్లేదు. నేను వెళ్ళి అడిగాను. షాపాయన "ఎన్ని నెలలైంది?" అన్నాడు. మూడు అన్నాను. "పెళ్ళయిందా?" అన్నాడు. అయిందన్నాను. అట్ట కత్తిరించి రెండు బిళ్ళలు చేతిలో పెట్టాడు.

నేనేమనుకున్నానో ఉన్నదున్నట్టు రాయాలి. డాక్టరమ్మ తీసేయాల్సినవి తీసేసింది, జబ్బు వేరు తెగింది. నెలసరి అనేది పైకి కనపడే గుర్తు మాత్రమే. అది ఒక్కసారి కనపడితే చెల్లి మనసు నెమ్మదిస్తుంది, అత్తగారి నోరు మూతపడుతుంది, నేను దాచింది దాచినట్టే ఉంటుంది. ఇంతే నా ఆలోచన. ఆ బిళ్ళలో ఏముందో అడగాలని తోచలేదు. మందులో ఏముంటుంది, మందే ఉంటుంది.

ఆరో రోజున నెలసరి వచ్చింది. చెల్లి దొడ్లోంచి వచ్చి నా వైపు చూసి నవ్వింది. రొమ్ము తీశాక అది అలా నవ్వడం నేను చూడలేదు. అత్తగారు ఆ సాయంత్రం బెల్లం పరమాన్నం వండి, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అంటూ కోడలి గిన్నెలో ఇంకో గరిటె వేసింది. ఆ నెల ఇచ్చినదాన్ని తర్వాత నెల ఇవ్వకుండా ఉండలేకపోయాను. అలా ఐదు నెలలు ఇచ్చాను. మూడోసారి నుంచీ షాపాయన ఏమీ అడగకుండానే కత్తెర తీసుకునేవాడు.

ఆరో నెలలో పొక్కులు మళ్ళీ లేచాయి. ఈసారి ఆవగింజలు కావు, కందిగింజలు. చంకలో గడ్డ ఒకటి తగిలింది. చెల్లికి నడుము నొప్పి పట్టుకుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చెల్లి తెర వెనక జాకెట్టు వేసుకుంటుండగా డాక్టరమ్మ బల్ల దగ్గర నన్నడిగింది.

"ఈ మధ్య ఏమైనా మందులు వాడారా? నాటు మందో, ఇంకెవరి దగ్గరైనా సూదులో?"

"లేదండి" అన్నాను. అడిగిన వెంటనే అన్నాను.

ఆవిడ కాగితం మీద ఒక గీత కొట్టింది. "అయితే నా అంచనా తప్పు. మాట ఆపినా ఇది పెరుగుతోంది. అంటే ఆ మాటతో దీనికి పని లేదు. ఇంక ఈ దారి వదిలేసి, ఘాటు మందులు మొదలుపెట్టాలి. జుట్టు ఊడుతుంది, తిన్నది నిలవదు. ఈ ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో చూడాలి. నాలుగు రోజుల్లో రండి."

బస్సులో చెల్లి నా భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది. పక్కన కిటికీ చువ్వ పట్టుకుని నేను ఒకటే ఆలోచించాను. ఆవిడ అంచనా తప్పని ఆవిడ అనుకుంటోంది. మధ్యలో నేను ఏదో చేశానన్న సంగతి ఆవిడకి తెలియదు. నేను అన్న ఒక్క "లేదండి" పట్టుకుని దాని ఒంట్లోకి ఇంకో విషం ఎక్కిస్తారు. ఆ బిళ్ళలకీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉందేమోనన్న భయం మాత్రం ఆ నాలుగు రోజులూ నన్ను వదల్లేదు. చెప్పాలి. చెబితే డాక్టరమ్మకి చెప్పినట్టూ అవుతుంది, చెల్లికి చెప్పినట్టూ అవుతుంది.

నాలుగో రోజు చెల్లిని ఇంట్లోనే ఉంచి ఒక్కదాన్నే వెళ్ళాను. కొంగున ముడేసుకున్న ఖాళీ అట్ట విప్పి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని తిప్పి చదివింది.

"ఎన్ని?"

"నెలకి రెండు. ఐదు నెలలండి."

"నెలసరి రావడానికా?"

"అవునండి."

ఆవిడ కోప్పడితే బాగుండేది. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. తర్వాత, "నీ పనేంటమ్మా, ఊళ్ళో?" అని అడిగింది.

"ఊడ్పులండి. ముఠాలో."

"ముఠాని ఎవరు పిలుస్తారు?"

"మేస్త్రి అండి. తెల్లారగట్ల వీధి చివర నిలబడి కేకేస్తాడు."

"కేక వినగానే ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చేస్తారా?"

"ఎందుకొస్తారండి. మా ముఠావాళ్ళమే లేస్తాం. మా మేస్త్రి గొంతు మాకు తెలుసు. మిగతావాళ్ళకి అది ఒట్టి కేక."

"ఒంట్లోనూ అంతే. రక్తంలో తిరిగే మాట అన్ని కణాల పక్క నుంచీ పోతుంది. దాన్ని పట్టుకునే చెవి ఉన్న కణాలే లేస్తాయి, మిగతావి కదలవు. మీ చెల్లెలి జబ్బు కణాలకి ఆ చెవి ఉంది. అందుకే మేస్త్రిని తీసేస్తే పని ఆగింది. ఆ పొక్కులు వాడిపోవడం నువ్వూ చూశావు." అట్టని వేలితో నా వైపు జరిపింది. "ఈ బిళ్ళలో ఉన్నది అదే రసం. మేం తీసేసిన మేస్త్రి గొంతే ఇది. నెలనెలా నువ్వు అతన్ని తీసుకొచ్చి వీధి చివర నిలబెట్టావు."

ఆవిడ నర్సుని పిలిచి నాకు మంచినీళ్ళు ఇప్పించింది.

"నా అంచనా తప్పు కాదని ఇప్పుడు తెలిసింది" అంది తర్వాత. "ఘాటు మందు ఇప్పుడే వద్దు. ముందు ఈ బిళ్ళలు ఆపు. ఒక్కోసారి ఆపితేనే తగ్గుతుంది. చంకలో గడ్డ మాత్రం తీసి చూడాలి. రేపు పొద్దున తీసుకురా. కాగితం ఇప్పుడే రాయిస్తాను, వేలిముద్ర వేసి వెళ్ళు."

గుమాస్తా సిరా డబ్బా మూత తీశాడు. నేను చెయ్యి చాపలేదు. "రేపు వేస్తామండి" అన్నాను.

డాక్టరమ్మ తలెత్తింది. "ఆ రోజు చెల్లెలికి చెబుతానన్నావు. చెప్పావా?"

"లేదండి."

ఆవిడ గుమాస్తాని పంపేసింది. "ఇవాళ చెప్పు. నేను చెప్పాల్సిందే, నీకు వదిలేయడం నా పొరపాటు. కానీ ఇవాళ నువ్వే చెప్పు."

డాక్టరమ్మ చెప్పింది నిజమైంది, కొంతవరకు. బిళ్ళలు ఆపాక పొక్కులు మళ్ళీ తగ్గుముఖం పట్టాయి. నడుము నొప్పి ఒక కారు పంట కాలం, ఐదారు నెలలు, దాన్ని వదిలేసింది. చెల్లి ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. అందులో ఒక ఏడాది బాగానే బతికింది. నేను ఆ బిళ్ళలు ఇవ్వకపోతే ఇంకెన్నాళ్ళు బతికేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ నాలుగేళ్ళ పిల్ల ఇప్పుడు కాలేజీలో జీవశాస్త్రం చెబుతోంది. పోయిన వేసవిలో దాని దగ్గర కూర్చుని, మీ అమ్మ జబ్బు ఎలా పెరుగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పవే అన్నాను. బిళ్ళల సంగతి దానికి ముందే తెలుసు. వాళ్ళమ్మే చెప్పిందట. ఎప్పుడు చెప్పిందో, ఏమని చెప్పిందో నేను రెట్టించలేదు.

"డాక్టరమ్మ చెప్పింది బాగానే చెప్పింది పెద్దమ్మా" అంది. "అమ్మ జబ్బుని పెంచిన ఆ రసాన్ని పట్టే చెవి కణం లోపల ఉంటుంది. కానీ పెరగమని చెప్పే మాటలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని పట్టే చెవులు కణం పైపొర మీదే ఉంటాయి, సగం బయటికి, సగం లోపలికి. రిసెప్టర్లు అంటారు. బయట మాట తగలగానే లోపలి సగం కదులుతుంది. అది పక్కదాన్ని తట్టి లేపుతుంది, అది ఇంకోదాన్ని."

"నారు కట్టలు అందించుకున్నట్టు" అన్నాను. గట్టు మీద ఉన్న మనిషి విసిరితే మొదటి ఆమె పట్టుకుని రెండో ఆమెకి, ఆమె మూడో ఆమెకి. మడి మధ్యలో ఉన్న మనిషికి గట్టు కనపడకపోయినా కట్ట చేతికి వస్తుంది. వచ్చిందంటే వంగి నాటాల్సిందే.

"అచ్చం అలాగే. చివరికి కణం నడిబొడ్డుకి కట్ట చేరుతుంది, కణం రెండుగా చీలుతుంది. మామూలు కణంలో మేస్త్రి కేక ఆగితే కట్టలూ ఆగుతాయి. కాన్సర్ కణంలో ఏదో ఒకటి పాడవుతుంది. కొన్నింటికి పది చెవులు ఉండాల్సిన చోట వందలు మొలుస్తాయి, చిన్న గుసగుస కూడా కేకలా వినపడుతుంది. కొన్నింటికి చెవి పాడై, ఎవరూ పిలవకపోయినా పిలుపు వినపడుతూనే ఉంటుంది. కొన్నింటిలో చెవి బాగానే ఉంటుంది, మధ్యలో ఒకామె మతి తప్పి తనంతట తనే కట్టలు విసురుతూ ఉంటుంది."

"మేస్త్రి ఇంటికి పోయి పడుకున్నా వీళ్ళు నాటుతూనే ఉంటారన్న మాట."

"పొలం అయిపోయినా నాటుతారు. గట్టు మీద, దారి మీద, పక్కవాళ్ళ చేలో. ఇప్పుడు ఆ చెవుల్లో దూది పెట్టే మందులు వచ్చాయి పెద్దమ్మా. అప్పుడు మన దగ్గర లేవు."

అది మామూలుగానే చెప్పింది, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు. నేను విన్నాను. ఆ రాత్రి పడుకున్నాక నాకు నా గురించి ఒకటి అర్థమైంది. చెల్లి ఒంట్లో ఒక మాట ఆగాల్సి ఉంటే దాన్ని పంపాను. చెల్లి చెవిన పడాల్సిన ఇంకో మాటని ఆపేశాను. రెండూ ప్రేమే అనుకున్నాను.

డాక్టరమ్మ చెప్పమన్న ఆ రోజుకి వస్తాను. నేను భవానీపురం చేరేటప్పటికి మధ్యాహ్నం మూడయింది. అత్తగారు చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది, పిల్లని కూడా వెంట తీసుకెళ్ళింది. చెల్లి గుమ్మంలో చాప వేసుకుని, గోడకి ఆనుకుని, చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరుతోంది. కుడి చేత్తోనే ఏరుతోంది.

"ఏమన్నారు?" అంది తలెత్తకుండా.

ఎదురుగా కూర్చున్నాను. ముందు బిళ్ళల సంగతి చెప్పాను. ఆ బిళ్ళ ఏ మాట మోసుకెళ్ళిందో మేస్త్రి కేకతో సహా చెప్పాను. తర్వాత రెండో ఆపరేషనులో తీసింది పుండు కాదని చెప్పాను. అది రాళ్ళు ఏరుతూనే ఉంది. చెప్పడం అయిపోయాక కూడా ఇంకో నాలుగు రాళ్ళు ఏరి పక్కన పెట్టింది.

"అయితే కడుపు రాదని నీకు ముందే తెలుసు" అంది.

"తెలుసు."

"నేను ప్రార్థన చేస్తున్నానని చెప్పినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"మీ మరిదికి?"

"తెలియదు. నన్నే చూసుకోమన్నాడు."

"ఆయనెప్పుడూ అంతే." చేట పక్కన పెట్టింది. "కాగితం మీద ఎవరు వేశారు?"

"నేనే. వేలిముద్ర."

"ఏ వేలు?"

ఎడమ బొటనవేలు చూపించాను. దాన్ని పట్టుకుని, అందులో ఏదో రాసి ఉన్నట్టు చూసింది. వేలు వదిలేసి అంది, "నాకు సంతకం వచ్చు కదక్కా."

బొటనవేలు కొంగులో దాచుకున్నాను.

"నన్ను బడి మెట్ల మీద దింపింది నువ్వే. ఎందుకు దింపావు మరి? ఐదో తరగతి చదివింది బియ్యంలో రాళ్ళు ఏరడానికా?" గొంతు పెంచలేదు. "అడిగితే రెండు రోజులు ఏడ్చి మూడో రోజు ఒప్పుకునేదాన్ని. ఉన్న పిల్లని పెంచుకోవద్దా? బిళ్ళలు నేనే వద్దనేదాన్ని. మా అత్తకి కూడా నేనే చెప్పుకునేదాన్ని. ఆవిడ నోటికి నేను అలవాటు పడ్డాను, నువ్వే పడలేదు."

"తప్పే చేశాను."

"చేశావు." చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "పొయ్యి అంటించు. అత్త వచ్చే టైమైంది."

ఆ సాయంత్రం మరిది వచ్చాక చెల్లి అతన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. అతను బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే చెల్లీ నేనూ కొండపల్లి నుంచి వచ్చే మొదటి బస్సు ఎక్కి ఆసుపత్రి దగ్గర దిగాం. మరిది కూడా పని మానుకుని వెనకాలే వచ్చాడు. గుమాస్తా నన్ను గుర్తుపట్టి, నిన్నటి కాగితం తీసి, సిరా డబ్బా నా ముందుకి జరిపాడు. నేను డబ్బా మూత పెట్టేసి, కాగితం తీసుకుని చెల్లి చేతికిచ్చాను. "సంతకం చేసే మనిషి ఈవిడండి. ఒక కలం ఇప్పించండి" అన్నాను. చెల్లి బల్ల దగ్గర కూర్చుని కాగితం పైనుంచి కిందికి ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. గుమాస్తా గడియారం వైపు చూస్తున్నాడు. అది చదవడం పూర్తయ్యేదాకా దాని సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డాను.